దాస్యం ఒక భాష: విరాటుని కొలువు నుంచి ఖరగ్‌పూర్ వరకు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం చేరువలో రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ నెలకొల్పిన పారిశ్రామిక వాడకు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ అని పేరు. మట్టి తవ్వే భారీ యంత్రాలు తయారయ్యే ఆ వాడ ఒక సంస్కృత పండితుని పేరు ధరించడానికి కారణం లేకపోలేదు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1820 సెప్టెంబరు 26న జన్మించిన బీర్‌సింహ గ్రామం నేడు ఇదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉంది. వితంతు వివాహ చట్టం కోసం ఆయన చేసిన కృషి లోకవిదితం. ఆయన జీవితంలో అంతగానూ గుర్తుంచుకోదగిన అంశం మరొకటి ఉంది. అది అధికారం ముందు ఆయన నిలబడిన తీరు.

హిందూ కళాశాల ప్రిన్సిపాల్ కెర్ దొరను చూడడానికి విద్యాసాగర్ వెళ్లినప్పుడు, ఆ దొర బూట్లతో ఉన్న కాళ్లను బల్లమీద నుంచి దించకుండానే మాట్లాడాడట. కొంతకాలానికి కెర్ తానే పనిమీద సంస్కృత కళాశాలకు రావలసివచ్చింది. విద్యాసాగర్ కూడా చెప్పులతో ఉన్న పాదాలను బల్లపై చాచి, అలాగే సంభాషణ సాగించారు. పై అధికారులు సంజాయిషీ అడిగితే, నాగరికుల మర్యాద అదేనని దొరవారి దగ్గరే నేర్చుకున్నానని బదులిచ్చారని జీవిత చరిత్రకారులు రాశారు. అలాంటి వ్యక్తి ఉద్యోగాన్ని తృణీకరించిన విరాగి కాదు. సంవత్సరాల తరబడి ప్రభుత్వోద్యోగం చేశారు. విద్యాశాఖాధిపతితో అభిప్రాయ భేదం వచ్చినప్పుడు 1858లో దానిని వదులుకున్నారు.

అయితే ఆయన 1855లో రచించిన ‘వర్ణపరిచయం’లో పిల్లలకు ఆదర్శంగా నిలిపింది గోపాల్ అనే బాలుణ్ణి. గోపాల్ చెప్పినమాట వింటాడు, పెట్టింది తింటాడు, ఇచ్చింది కట్టుకుంటాడు. మాట వినని రాఖాల్ ఎవరికీ ఇష్టుడు కాడు. తరతరాల వంగ బాలురు గోపాల్ వలె ఉండాలని ఆ పుస్తకంలోనే చదువుకున్నారు. 1895లో విద్యాసాగర్‌పై రాసిన వ్యాసంలో రవీంద్రనాథ్ ఠాగూరు ఇందులోని చమత్కారాన్ని గుర్తించారు. చిన్ననాటి ఈశ్వరచంద్రునికి గోపాల్‌తో కంటే రాఖాల్‌తోనే పోలిక ఎక్కువని ఆయన పరిశీలన.

వినయానికీ దాస్యానికీ మధ్య గీత ఎక్కడ ఉన్నది? ఇది ఒక్క వంగ సాహిత్యపు ప్రశ్న కాదు. శతాబ్దం క్రితం రైలుమార్గం వెంట ఖరగ్‌పూర్ చేరిన తెలుగువారి సాహిత్యం దానిని ఎన్నో విధాలుగా ఎదుర్కొన్నది. ఆ సాహిత్యాన్ని కాలక్రమంలో పరిశీలిస్తే ఒక మార్పు స్పష్టపడుతుంది. మొదట అది కొలువులో మెలగవలసిన రీతిని చెప్పింది. తర్వాత వంగినవాణ్ణి చూసి నవ్వింది. చివరకు వంచిన చేతిని చూపింది.

కొలువు నేర్పిన శాస్త్రం

తెలుగులో సేవాధర్మానికి పెద్దపాఠం తిక్కన భారతంలోని విరాటపర్వంలో ఉంది. అజ్ఞాతవాసానికి బయలుదేరుతున్న పాండవులకు ధౌమ్యుడు రాజు కొలువులో మెలగవలసిన తీరు బోధిస్తాడు. అనుమతి లేనిదే లోపల అడుగుపెట్టరాదు. తనది కాని ఆసనంలో కూర్చోరాదు. రాజునకు ఎదురుగానూ వెనుకగానూ కాక పక్కన నిలవాలి. కొలువులో విన్నది వెలుపల పలుకరాదు. ప్రభువు ఆదరించాడని గర్వించరాదు. చక్రవర్తులై ఉండినవారు ఈ పాఠం వినడంలోనే గొప్ప వ్యంగ్యం ఉంది. ఆజ్ఞాపించడం ఎరిగినవారు అణిగి ఉండడం కొత్తగా నేర్చుకోవలసివచ్చింది. అణకువ పుట్టుకతో వచ్చే గుణం కాదు, అవసరం కొద్దీ నేర్చుకునే విద్య అని ఈ ఘట్టం చెప్పక చెబుతున్నది.

ఆ విద్యకు పరీక్ష కీచక ఘట్టంలో ఎదురవుతుంది. సైరంధ్రి వేషంలోని ద్రౌపదిని కీచకుడు నిండుకొలువులో తన్నితే, తన సేనాబలం ఎవరి చేతిలో ఉన్నదో ఎరిగిన విరాటుడు అతణ్ణి దండించలేకపోతాడు. కంకుభట్టు వేషంలోని ధర్మరాజు భీముని ఆవేశాన్ని మాటలతో అదుపుచేసి, ద్రౌపదిని అక్కడినుంచి వెళ్లమంటాడు. నియమం తెలిసిన సేవకులు, న్యాయం చేయలేని రాజు, న్యాయం కోసం నిలదీసిన ఒక స్త్రీ ఆ సభలో కనిపిస్తారు. తిక్కన స్వయంగా నెల్లూరు ప్రభువు మనుమసిద్ధికి మంత్రి. కొలువు మర్యాదలు లోపలినుంచి ఎరిగిన కవి కనుకనే ఆ మర్యాదలకు చెల్లించవలసిన మూల్యాన్ని అంత నిశితంగా చూపగలిగాడు. తన భారతాన్ని మాత్రం ప్రభువుకు కాక హరిహరనాథునికి అంకితమిచ్చాడు.

కవికీ ప్రభువుకీ మధ్య ఈ పెనుగులాట తర్వాతి శతాబ్దాలలో తీవ్రమయింది. పోతన భాగవతాన్ని నరపతులకు ఇవ్వక రామునికి సమర్పించాడు. సాళువ నరసింహుడు తనపై పదాలు పాడమంటే నిరాకరించిన అన్నమయ్యకు సంకెళ్లు పడిన వృత్తాంతాన్ని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో చెప్పాడు. ధూర్జటి తన శ్రీకాళహస్తీశ్వర శతకంలో రాజులను మత్తులనీ వారి సేవను నరకమనీ ఈసడించాడు. మరోవైపు రాజాస్థానాలలో సకల గౌరవాలు పొందిన శ్రీనాథుడు వార్ధక్యంలో పన్ను కట్టలేక బొడ్డుపల్లెలో భుజాన రాయి మోయవలసివచ్చిందని చాటుపద్య సంప్రదాయం చెబుతున్నది. దాని చారిత్రకత ఎటువంటిదైనా, ఆశ్రయం ఎంత అస్థిరమో తెలుగు పాఠకలోకం ఆ కథ ద్వారా గుర్తుంచుకున్నది. బడిపిల్లలు వల్లించిన సుమతీ శతకం సైతం జీతమివ్వని ప్రభువు కొలువు కంటే సేద్యమే మేలని హితవు చెప్పింది.

ఇంత ధిక్కారంలోనూ ఒక పరిమితి ఉంది. ఈ కవులు నరుని సేవించడం మాని నారాయణుని సేవించారు. అంటే దాస్యాన్ని కాదనలేదు. దానికి తగిన ప్రభువును వెదికారు. తనకంటూ దేవుడు తప్ప మరొక ఆధారం లేని కవికి అది గొప్ప స్వాతంత్ర్యమే. పొలంలో వెట్టిచేసే మనిషికి మాత్రం ఆ దారి అంత తేలికగా తెరుచుకునేది కాదు.

నవ్వు పుట్టించిన విధేయత

పందొమ్మిదవ శతాబ్దంలో ప్రభువు రూపం మారింది. రాజు స్థానంలో కచేరీ, న్యాయస్థానం, కలెక్టరు దొర వచ్చారు. దక్షిణదేశ విద్యాసాగరుడని ప్రసిద్ధి పొందిన కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ‘వివేకవర్ధని’ స్థాపించి, ఆ పత్రికలో ఉద్యోగుల లంచగొండితనాన్నీ న్యాయవాదుల అక్రమాలనూ బయటపెట్టారు. ‘వ్యవహార ధర్మబోధిని’ వంటి ప్రహసనాలలో వాటినే హాస్యానికి గురిచేశారు. పైవానికి దండాలు పెడుతూ కిందివాణ్ణి దండించే మధ్యస్థుడు ఆ రచనలతో తెలుగు సాహిత్యంలో ఒక స్థిరమైన పాత్ర అయ్యాడు.

ఆ పాత్రను పరిపూర్ణం చేసినవారు గురజాడ అప్పారావు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా పెరిగిన రూపం పొందిన ‘కన్యాశుల్కం’లో గిరీశం ఎవరి ముందు ఏ భాష మాట్లాడాలో ఎరిగినవాడు. శిష్యుని ముందు పండితుడు, అగ్నిహోత్రావధాన్ల ముందు వినయశీలి, సౌజన్యారావు పంతులు ముందు సంస్కర్త. అగ్నిహోత్రావధాన్లు ఎంత కోపిష్ఠి అయినా, కోర్టు వ్యవహారాలకు ఇంగ్లీషు అవసరమన్న ఆశతో ఆ మాటలకు లొంగిపోతాడు. గిరీశం విధేయత ఎంత అబద్ధమో ప్రేక్షకునికి తెలుసు. కొత్త అధికారం మాటకారితనానికి ఎంత విలువ కడుతున్నదో కూడా తెలుసు. ఈ నాటక రచయిత విజయనగర సంస్థాన సేవలో ఉన్నవారే. తొలి ముద్రణ మహారాజా ఆనందగజపతికే అంకితం. కొలువులో ఉంటూనే కొలువు భాషను చూసి నవ్వగలగడం తిక్కన నాటి నుంచి వచ్చిన శక్తి.

అయినా ఆ నవ్వు అందరికీ సమానంగా పంచగలిగింది కాదు. గిరీశం వంగేది లాభం కోసం. లాభం ఊసే లేకుండా, పూట గడవడం కోసం వంగే మనుషులు అదే విజయనగరం చుట్టూ వేలాదిగా ఉన్నారు. వారి కథ రంగస్థలం మీదికి రాకముందే రైలెక్కింది.

రైలుకట్ట వెంట

ఉత్తర సర్కారు జిల్లాలలో 1802 నాటి శాశ్వత పరిష్కారం జమీందారీలను స్థిరపరచింది. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి సంస్థానాలలో రైతు శిస్తుకూ, కూలి వెట్టికీ కట్టుబడి ఉండేవారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే శతాబ్దం చివరి సంవత్సరాలలో ఖరగ్‌పూర్‌ను కూడలిగా మార్చి, అక్కడ పెద్ద వర్క్‌షాపును నిర్మించింది. తూర్పుతీరపు రైలుమార్గం వాల్తేరు ప్రాంతాన్ని కలకత్తాతో కలిపింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం ప్రాంతాల తెలుగువారు ఆ దారినే వెళ్లి కొలిమి దగ్గర, బాయిలరు దగ్గర, పట్టాల మీద పనిలో కుదిరారు.

జమీందారు నీడ దాటిన మనిషికి అక్కడ నెలజీతం దొరికింది. దానితోపాటు కొత్త అంతస్తుల లోకమూ ఎదురయింది. రైల్వే పట్టణం నిర్మాణమే ఒక పాఠం వంటిది. యూరోపియన్ అధికారుల బంగళాలు ఒకవైపు, ఆంగ్లో-ఇండియన్ ఉద్యోగుల నివాసాలు మరొకవైపు, భారతీయ కార్మికుల వసతులు వేరొకవైపు. ఎవరు ఏ వీధిలో నివసిస్తారన్నది వారి హోదాను బట్టి నిర్ణయమయ్యేది. ధౌమ్యుడు మాటలలో చెప్పిన ఆసన నియమాన్ని కంపెనీ ఇటుకలతో కట్టింది.

ఈ లోకంలో కిందివాడు పైవానితో మాట్లాడగలిగిన సాధనం అర్జీ. ఆ కాలపు అర్జీ శైలిని సాహిత్య విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదు. మద్రాసు రాష్ట్రంలో లేఖలకు శీర్షంగా ‘మహారాజరాజశ్రీ’ ఉండేది. ఆపై ‘దివ్యసముఖమునకు’, ‘చిత్తగించవలెను’ అన్న మాటలు. ముగింపులో ‘తమ విధేయ సేవకుడు’. కష్టాన్ని చెప్పుకునేవాడు తాను పిల్లలు గలవాణ్ణనీ, దిక్కులేనివాణ్ణనీ, తమరే తల్లీతండ్రీ అనీ రాసేవాడు. దస్తావేజు రాసేవాని చేతిలో ఈ మాటలు ముందే సిద్ధంగా ఉండేవి. అందుకే వాటినిబట్టి అర్జీదారు మనస్సును నిర్ణయించడం పొరపాటు. హక్కుగా అడగడానికి చట్టంలో చోటులేనప్పుడు, దయగా అడగడమే మిగిలిన మార్గం. దాస్యం అక్కడ స్వభావం కాదు, వ్యాకరణం.

ఆ వ్యాకరణం ఎంత పైపైదో 1927 తేల్చింది. గంజాం బరంపురంలో 1894లో జన్మించిన వరాహగిరి వెంకటగిరి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, ఐరిష్ జాతీయోద్యమ ప్రభావం పొంది తిరిగివచ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశారు. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో కార్మికులు సమ్మెకట్టారు. ఖరగ్‌పూర్ దానికి ప్రధాన కేంద్రం. సెప్టెంబరులో వర్క్‌షాపు ఉద్యోగాలను పెద్దసంఖ్యలో తగ్గిస్తామని కంపెనీ ప్రకటించినప్పుడు సంఘర్షణ మళ్లీ రగిలి నెలల తరబడి సాగింది. నిన్నటిదాకా ‘విధేయ సేవకుడు’ అని వేలిముద్ర వేసిన చేతులే నేడు పనిముట్లు కింద పెట్టాయి. మనుషులు మారలేదు, మాట్లాడడానికి మరొక భాష దొరికింది. ఏకవచనంలో వేడుకున్న అర్జీ బహువచనంలో కోరికల పత్రమయింది.

నాలుగేళ్ల తర్వాత ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న హిజ్లీలో అధికారం తన నగ్నరూపం చూపింది. అక్కడి నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న కావలి సిబ్బంది నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై కాల్పులు జరపగా సంతోష్‌కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. ఠాగూరు కలకత్తా సభలో ఆ దారుణాన్ని నిరసించారు. ఆ భవనంలోనే 1951లో దేశంలోని మొదటి భారత సాంకేతిక విజ్ఞాన సంస్థ ప్రారంభమయింది.

రైల్వే పట్టణంలో నేర్చిన పాఠం తెలుగు సీమకు తిరిగివచ్చిన తీరు మరింత విశేషమైనది. 1937 ఎన్నికలలో గిరి పోటీచేసింది మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజాపై, ఆయన సొంత బొబ్బిలిలో. జమీందారు గెలుపు తథ్యమనుకున్న చోట కార్మిక నాయకుడు విజయం సాధించారు. తర్వాతి మంత్రివర్గంలో గిరి కార్మిక శాఖ చేపట్టారు. రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది.

వంచిన చేయి

చట్టం రద్దుచేసినంత వేగంగా అలవాటు రద్దుకాదు. ఈ సత్యాన్ని గుర్తించడంలో ఇరవయ్యవ శతాబ్దపు తెలుగు కథ చరిత్ర గ్రంథాలకంటే ముందున్నది. తెలంగాణలో దొరగడీ ముందు పలికిన ‘బాంచన్ నీ కాల్మొక్తా’ అన్న మాటలో ‘బాంచ’ అంటే దాసి, బానిస. మనిషి తన పేరుకు బదులు తన స్థితినే పేరుగా చెప్పుకోవలసిన పలకరింపు అది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలు ఆ పలకరింపు వెనుక ఉన్న వెట్టినీ, ఆడబాప వ్యవస్థనూ, గడీ పెత్తనాన్నీ వివరించాయి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రచించిన ‘మా భూమి’ నాటకం ఆ మాటను పలికిన నోళ్లే తిరగబడడాన్ని రంగస్థలం మీద చూపింది.

ఖరగ్‌పూర్‌కు కూలీలను పంపిన ఉత్తరాంధ్రలో ఈ పరిశీలన మరింత లోతుకు వెళ్లింది. రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధ కాలపు పోలీసు ఠాణాలనూ కోర్టులనూ కిందినుంచి చూశాయి. ‘మాయ’ కథలో ముత్యాలమ్మ అనే నిందితురాలు యువ న్యాయవాదికి లోకం నడిచే తీరును విప్పిచెబుతుంది. బోనులో చేతులు కట్టుకొని నిలబడే మనిషికి ఆ కోర్టు స్వరూపం న్యాయవాది కంటే బాగా తెలుసు. ఆమె మౌనం అజ్ఞానం కాదు, లెక్క.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ ఈ పరంపరలో శిఖరం వంటిది. సుందరపాలెంలో అప్పల్రాముడి పాతబాకీపై పంచాయితీ జరుగుతుంది. పెద్దలు మర్యాదస్తులు, మాటలు ధర్మబద్ధమైనవి. కేకలు లేవు, కొరడా లేదు. అప్పల్రాముడు మాట నిలబెట్టుకునే మనిషి కనుకనే ఉన్న భూమిని వదులుకుని బాకీ తీర్చడానికి ఒప్పుకుంటాడు. అతని కొడుకు సీతారాముడు మాత్రం, భూమి పోయాక తన బిడ్డకు పాలేరుతనమే గతి అని గ్రహించి, ఆ పసివాణ్ణి తన చేతులతోనే చంపుతాడు. ఆ ఘోరాన్ని కథ సమర్థించదు. పాఠకుడు దాని ముందు నిలువునా వణుకుతాడు. కాని ఆ చేతికి ముందు ఎన్ని సాధుహస్తాలు పనిచేశాయో లెక్కపెట్టవలసిన బాధ్యత కూడా అతనిదే అవుతుంది. గోపాల్ వలె చెప్పినమాట వినే తండ్రి, రాఖాల్ వలె ఎదురుతిరిగిన కొడుకు ఒకే అప్పుకు ఇద్దరు బలులు. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది.

విరాటుని సభనుంచి సుందరపాలెం పంచాయితీ వరకు సాహిత్యం ప్రయాణించిన దూరం ఇది. రెండుచోట్లా సభ నిండుగా ఉంది, మర్యాద తప్పలేదు, న్యాయం జరగలేదు. తేడా ఒక్కటే. మొదటి సభలో అణిగి ఉన్నవారు ఏడాది గడువు పెట్టుకున్న రాజులు. రెండవదానిలో అణిగి ఉన్నవారికి గడువు లేదు.

కనుక దాస్య చిత్రణలో ఉత్తమ సాహిత్యానికి గుర్తు వంగినవాణ్ణి ఎంత హేళన చేసిందన్నది కాదు. అతడు నిటారుగా నిలబడాలంటే ఏమి పోగొట్టుకోవలసివచ్చేదో ఎంత నిజాయితీగా చెప్పిందన్నది గీటురాయి. విద్యాసాగర్ పాదాలు బల్లమీద పెట్టగలిగారంటే అందులో ఆయన ధైర్యంతోపాటు పాండిత్యం, కీర్తి, ఉద్యోగం పోయినా బతకగల సామర్థ్యం కూడా ఉన్నాయి. వర్క్‌షాపు కూలికి ఆ ధైర్యం ఒంటరిగా కాక సంఘం ద్వారానే సిద్ధించింది.

పరిపాలనలో ఉన్నవారికి ఈ చరిత్ర ఒక సూక్ష్మమైన కర్తవ్యాన్ని గుర్తుచేస్తున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆరవ విభాగం ప్రకారం పౌరుడు తన అభ్యర్థనను ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఇవ్వవచ్చు. ఎందుకు అడుగుతున్నాడో కారణం చెప్పనవసరం లేదు. పిల్లలు గలవాణ్ణి, దిక్కులేనివాణ్ణి అని రాసుకోవలసిన అవసరాన్ని ఆ చిన్న నిబంధన తొలగించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరికను మన్నించి, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వడానికి నిర్ణయించింది. తాతలు రాయించిన అర్జీలలో అప్పుతెచ్చుకున్న మాటలే ఎక్కువ. మనుమల కాగితం సొంత భాషలో రావచ్చు. అది ‘దివ్యసముఖమునకు’ అని మొదలవుతుందా, ‘అయ్యా, నాకు ఈ సమాచారం కావాలి’ అని మొదలవుతుందా అన్నది, దానిని అందుకునే బల్ల ఇవతలివారి మీద కూడా ఆధారపడి ఉంది.